చింతపిక్కల గంజి

మా జమ్మలమడుగులో ఎండాకాలం చింతపండు కొట్టేవాళ్ళు. పండు జాడీలోకి, పిక్కలు పిల్లలకు. అచ్చనగాయలకూ వామనగుంటలకూ పోగా మిగిలినవి కంబళ్ళు నేసేవాళ్ళు తట్టలో పోయించుకుపోయేవాళ్ళు. పిక్కలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికిస్తే గంజి. ఉన్ని పడుగుకు అది పట్టిస్తే దారం తెగదు. కొండపల్లి బొమ్మలవాళ్ళ మక్కులోనూ ఈ పిండే, రంపపు పొట్టుతో కలిపి. పొణికి కర్రలో విడిగా చెక్కిన చేతులూ కాళ్ళూ దాంతోనే అతుకుతారు.

కర్రను ఇది అంతగా ఎందుకు పట్టుకుంటుంది? చెక్కలో సెల్యులోజ్ పోగయితే, హెమీసెల్యులోజ్ ఆ పోగు మీది గంజి. చింతపిక్కలో ఉండే జైలోగ్లూకాన్ ఆ కుటుంబానిదే. దాని నడుమంతా సెల్యులోజ్ లాగే గ్లూకోజ్ గొలుసు. పక్కన జైలోజ్ రెమ్మలు, కొన్ని రెమ్మల కొసన గాలక్టోజ్. మునగాకు దూసినట్టు ఆ గాలక్టోజ్‌ను ఎంజైముతో సగం దాకా దూసేస్తే, ద్రావణం వెచ్చబడితే గడ్డకడుతుంది, చల్లారితే పలచబడుతుంది. మనింటి అన్నపు గంజికి సరిగ్గా తిరగబడ్డ గుణం!

మొక్కలు తమ జైలోగ్లూకాన్ గొలుసులను తామే తెంచి అతికే ఎంజైమొకటి ఉంది. హ్యారీ బ్రూమర్, తూలా తీరి బృందం 2004లో స్టాక్‌హోంలో దాన్ని పనిలో పెట్టింది. కోరిన రసాయనాన్ని చిన్న చక్కెర ముక్కకు కట్టి, ఆ ముక్కను ఎంజైముతో పొడుగు గొలుసు కొసకు అతికించి, గొలుసును సెల్యులోజ్ మీద పరిచారు. పోగు చెడకుండా దాని పైపొర గుణం మారింది. అంత దూరాన వాళ్ళు వాడిందీ చింతపిక్కే.

ప్రొద్దుటూరు చుట్టూ పత్తి కట్టె పొయ్యిలోకి పోతుంది. పులివెందులలో గెల కోశాక అరటి బోదెలు గట్ల మీద కుళ్ళుతాయి. వాటిలోనూ హెమీసెల్యులోజే ఉందని ఉత్సాహపడేవాళ్ళను చూస్తే నాకు కొంచెం అనుమానం. పత్తి కట్టెలోంచి దాని హెమీసెల్యులోజ్ అయిన జైలాన్‌ను లాగాలంటే మామూలుగా క్షారంలో నానబెట్టాలి. తర్వాత ఆ నీళ్ళనేం చేస్తారు? పిక్కల పిండికి వేణ్ణీళ్ళు చాలు.

ఆ ధీమాతోనే మొన్న నేనూ గంజి కాచాను. పిక్కలు సరిగా వేగక పొట్టు ఊడలేదు. అలాగే మిక్సీలో వేసి, అందులోనే వేణ్ణీళ్ళు పోసి తిప్పాను. జార్ మూత ఇప్పటికీ రాలేదు.