పదిమందిలో చదివే జాబితా

తుఫాను తీరం దాటిన మర్నాడు నెల్లూరు సముద్రపు ఒడ్డు ఊళ్లకు బియ్యం బస్తాల కంటే ముందు ఒక కాగితం వస్తుంది. ఎవరి ఇంట్లోకి నీళ్లొచ్చాయి, ఎవరి వల కొట్టుకుపోయింది, ఎవరి పడవ పగిలింది, ఎవరికి ఎంత ఇవ్వాలి అని రాసుకునే కాగితం అది. సాయం ఎంత ఉదారంగా ప్రకటించినా, అది ఎవరి గడప తొక్కాలో నిర్ణయించేది ఆ జాబితానే. అందులో పేరున్నవాడు బాధితుడు. పేరు లేనివాడు ఎంత నష్టపోయినా ప్రభుత్వం దృష్టిలో నష్టపోనట్టే.

ఈ తీరానికి జాబితాలు కొత్త కాదు. 1989 నవంబరులో కావలి దగ్గర పెనుతుఫాను తీరం దాటింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చింది. 2015 నవంబరులో కుంభవృష్టి కురిసింది. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర రైలుకట్ట కోసుకుపోయింది, జాతీయ రహదారి తెగింది. ఆ వరదల్లో మునిగిన ఇళ్లకు 25 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, 2,000 రూపాయలు ఇస్తామన్నారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను. విపత్తు లేని ఏడాది కూడా జాబితా తప్పదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రెండు నెలలు పొయ్యి వెలగడానికి ఇచ్చే భృతి 2025 నుంచి 20,000 రూపాయలైంది. ఏ పడవ మీద ఎవరు కళాసీ అన్న లెక్క ఏటా రేవుల్లో రాస్తారు.

మరి ఆ లెక్క రాసేవారు ఎవరు, సరిచూసేవారు ఎవరు? సాయం అందుకునేవారికి ఆ పనిలో చోటుందా? ఈ ప్రశ్నకు మన రాష్ట్రంలోనే తయారైన ఒక చక్కటి సమాధానం ఉంది. దాని పేరు సామాజిక తనిఖీ. ఉపాధి హామీ కూలీల కోసం పుట్టిన పద్ధతి కాబట్టి విపత్తు సాయం గురించి మాట్లాడేటప్పుడు అది గుర్తుకు రాదు. కానీ సాయం పాలనలో బాధితులకు నిజమైన చోటు ఎలా కల్పించాలో చూపించిన పనితనం అందులో ఉంది. దాన్ని విడదీసి, కీలు కీలుగా చూడటమే ఈ వ్యాసం.

ముందుగా వెనక్కి చూడాలి. ఈ తీరం పొడవునా సాగే బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు నగరం గుండా పోయే భాగాన్ని 1877-78 కరువులో కరువు పనిగా తవ్వించారు. ఆ కరువులోనే సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులకు వచ్చినవారి కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణాకు కోశాడు. పౌను అంటే అరకిలో కూడా లేదు. ఆ తిండితో మనిషి తట్ట మోయగలడా లేదా అని అధికారులు, వైద్యులు కాగితాల మీద వాదించుకున్నారు. తట్ట మోసినవాణ్ణి మాత్రం ఎవరూ అడగలేదు. సాయం అందుకునేవాడికి ఆకలే తప్ప అభిప్రాయం ఉండదన్న ఆ నమ్మకం చాలాకాలం బతికింది.

ప్రపంచంలో ఆ నమ్మకాన్ని రాతపూర్వకంగా కాదన్న సంవత్సరం 1994. రెడ్‌క్రాస్ ఉద్యమం, ఇతర సహాయ సంస్థలు కలిసి రాసుకున్న పది సూత్రాల ప్రవర్తనా నియమావళిలో ఏడోది, సాయం పొందేవారిని ఆ సాయం నిర్వహణలో భాగం చేసే దారులు వెతకాలని చెప్పింది. 2004 సునామీ తర్వాత సాయం తీరును సమీక్షించిన అంతర్జాతీయ కూటమి 2006లో ఇంకా గట్టిగా చెప్పింది. బయటివాళ్లు తెచ్చి పంచడం కాదు, బాధితులు తమంతట తాము కోలుకునే ప్రయత్నానికి వెన్నుదన్నుగా నిలవడమే సహాయ సంస్థల పని కావాలని ఆ నివేదిక సారాంశం. 2014లో వచ్చిన మానవతా సాయపు మూల ప్రమాణం తొమ్మిది హామీలు ఇచ్చింది. అందులో ఒకటి బాధితులకు సమాచారం, భాగస్వామ్యం. ఇంకొకటి వారి ఫిర్యాదులను స్వాగతించి పరిష్కరించడం. మంచి మాటలే. అయితే దారులు వెతకాలి అన్న మాట ఆ దారి ఎలా వేయాలో చెప్పదు.

అదే 1994 డిసెంబరులో రాజస్థాన్‌లో కోట్ కిరానా అనే ఊళ్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఒక సభ పెట్టింది. ప్రభుత్వ పనుల మస్టర్లు అనే హాజరు పట్టీలు, బిల్లులు తెచ్చి ఊరందరి ముందు గట్టిగా చదివారు. ఫలానా మనిషి ఇన్ని రోజులు పని చేశాడు, ఇంత తీసుకున్నాడు అని చదువుతుంటే ఆ ఫలానా మనిషే లేచి తాను ఆ పనికి పోనేలేదన్నాడు. సూత్రం రాసినవారికి, సభ పెట్టినవారికి ఒకరి సంగతి ఒకరికి తెలిసి ఉండదు. కానీ ఆ నియమావళి వెతకమన్న దారిని కోట్ కిరానాలో కూలీలు అప్పుడే తొక్కుతున్నారు.

ఆ సభను ఒక పద్ధతిగా, ఒక వృత్తిగా మలిచింది ఆంధ్రప్రదేశ్. 2006లో ఉపాధి హామీ పనులు మొదలైన ఏడాదే అనంతపురం జిల్లాలో వందలాది గ్రామాలు తిరుగుతూ సామాజిక తనిఖీ పాదయాత్ర చేశారు. 2009లో ఈ పని కోసమే ప్రత్యేకంగా ఒక స్వతంత్ర సొసైటీ ఏర్పడింది. ఒక రోజు జరిగే నిరసన సభ ఏళ్ల తరబడి నడిచే వ్యవస్థ కావాలంటే ఎన్ని సూక్ష్మమైన నిర్ణయాలు అవసరమో ఇక్కడే కనిపిస్తుంది.

మొదటి నిర్ణయం, తనిఖీ చేసేవారు ఎవరన్నది. గ్రామ సామాజిక తనిఖీదారులను కూలి కుటుంబాల నుంచే ఎంచుకున్నారు. నాలుగు అక్షరాలు చదువుకున్న కూలివాళ్ల పిల్లలు వాళ్లు. మస్టరు అంటే ఏమిటో, మట్టి పని కొలత అంటే ఏమిటో వాళ్లకు ఇంట్లోనే తెలుసు. రెండోది, ఎవరి సొంత ఊరిని వారితో తనిఖీ చేయించరు. బంధుత్వం నోరు నొక్కకుండా, పాత పగ నోరు పారేసుకోకుండా కాపాడే ఏర్పాటు ఇది. కూలీల బతుకు తెలిసిన దగ్గరితనం, ఆ ఊరి ముఠాలకు దూరం, రెండూ ఒకే మనిషిలో కుదిరేలా చూశారు. మూడోది, తిండి. తనిఖీకి వచ్చినవారు ఊళ్లోనే ఉండాలి. సర్పంచి ఇంట్లోనో, పని చేయించినవారి ఖర్చుతోనో కాకుండా కూలీల మధ్యే తినాలి. ఎవరి అన్నం తింటే వారి తప్పు చదవడానికి గొంతు పెగలదని తెలిసినవారు పెట్టిన నియమం ఇది.

నాలుగోది కాగితాలు. తనిఖీకి పదిహేను రోజుల ముందే రికార్డులన్నీ ఇవ్వాలని 2011లో కేంద్రం చేసిన నిబంధనలు చెప్పాయి. కాగితం చేతికి రాకుండా జరిగే సభలో ఆరోపణలు ఉంటాయి గాని రుజువులు ఉండవు. ఐదోది, ఇంటింటికీ పోవడం. సభకు ముందే ఒక్కో గడపకూ వెళ్లి జాబ్ కార్డు, మస్టరు ఎదురెదురుగా పెట్టి అడుగుతారు: ఈ వారం పనికి పోయావా, ఈ డబ్బు అందిందా, ఈ వేలిముద్ర నీదేనా? చెప్పింది రాసి, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. పని జరిగిన చోటికి పోయి టేపు పట్టి గుంత కొలుస్తారు. వల అల్లేవాడు ప్రతి ముడినీ లాగి చూసుకున్నట్టు ఇక్కడ ప్రతి అంకెనూ మనిషితో ఒకసారి, నేలతో ఒకసారి సరిచూస్తారు.

ఆరోది గ్రామసభ. ఏడోది మండల స్థాయిలో ప్రజావేదిక. ఊరూరా తేలిన విషయాలను అక్కడ ఒక్కొక్కటిగా చదువుతారు. ఫీల్డ్ అసిస్టెంటు, మేటు, ఇంజినీరు, కూలీ అంతా ఒకే షామియానా కింద ఉంటారు. చదివిన ప్రతి అంశానికీ సంబంధిత ఉద్యోగి అక్కడే జవాబు చెప్పాలి. సభకు అధ్యక్షత వహించే అధికారి రికవరీయో, చర్యో, తప్పు లేదనో అప్పటికప్పుడు తేల్చి రాయాలి. ఎనిమిదోది, ఈ వ్యవస్థ తన ఖర్చు కోసం తాను తనిఖీ చేసే ఉద్యోగుల దగ్గర చేయి చాచకుండా పథకం నిధుల్లో చిన్న వాటా విడిగా కేటాయించడం.

నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది ఇంటింటి తిరుగుడుకూ సభకూ మధ్య ఉన్న క్రమం. కూలికి పోయే ఒంటరి ఆడమనిషి నేరుగా సభలో లేచి ఉద్యోగి మీద చెప్పాలంటే ఎంతో ధైర్యం కావాలి. ముందే తన ఇంటి అరుగు మీద చెప్పి ఉంటే, చెప్పింది కాగితం మీదకు ఎక్కి ఉంటే, సభలో ఆమె చేయాల్సింది అవును అనడమే. భాగస్వామ్యం అంటే మైకు ముందుకు తోసి మాట్లాడమనడం కాదని, మాట్లాడేందుకు తగిన నేల ముందే సిద్ధం చేయడమని ఈ పద్ధతి కనిపెట్టినవారికి తెలుసు.

లోటూ ఉంది. పట్టుబడిన సొమ్ములో తిరిగి వసూలైంది కొంతే. తప్పు బయటపెట్టే చెయ్యి బలంగా ఉన్నా శిక్షించే చెయ్యి బలహీనంగా ఉందని పరిశోధకులు చెప్పారు. ఆ మాట నిజం. అయితే ఆ లోటు సభ ముగిశాక, ఫైలు ఆఫీసుకు చేరాక మొదలయ్యేది. ప్రజల చేతుల్లో ఉన్నంతవరకు పని నికార్సుగానే జరిగింది.

ఈ పనితనాన్ని నెల్లూరు తీరానికి తెచ్చి చూద్దాం. తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇస్కపల్లి, మైపాడు, కృష్ణపట్నం మీదుగా పులికాట్ దాకా పట్టపుకాపులనే మత్స్యకార కులం వారి ఊళ్లున్నాయి. వీటిలో కాపులు అని పిలిచే పెద్దల వ్యవస్థ ఉంది. తగవు తీర్చడం, వేటకు పోకూడని రోజు చెప్పడం, జాతర ఖర్చు పంచడం వారి పని. పులికాట్ సరస్సులో వల వేసే చోట్లను చీట్లు తీసి వంతుల ప్రకారం పంచుకునే ‘పాడు’ అనే పద్ధతి తరాలుగా నడుస్తోంది. పంపకంలో న్యాయం ఈ తీరానికి బయటినుంచి ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే ఆ కట్టుబాటు ఆ కులం వారికే. ఆ పెద్దలు కూర్చునేచోట ఆడవాళ్లు ఉండరు, యానాది గిరిజనులూ ఉండరు.

అసలు పరీక్ష యానాదులే. కాలువ గట్ల మీద, సరస్సు అంచుల్లో, రొయ్యల చెరువుల పక్కన చిన్న గుడిసెల్లో ఉంటారు. పడవ ఉండదు కాబట్టి పడవ జాబితాలో లేరు. పట్టా ఉండదు కాబట్టి ఇంటి జాబితాలో లేరు. ఎంతోమందికి గుర్తింపు చూపే కార్డు కూడా ఉండదు. తుఫాను ముందుగా కూల్చేది మాత్రం వారి గుడిసెనే. దొంగ పేరును పట్టుకోవడానికి జాబితాను గట్టిగా చదివితే చాలు. లేని పేరును పట్టుకోవాలంటే చదివేవాడు జాబితాలో లేని గుడిసె దాకా నడవాలి. ఇటీవలి సంవత్సరాల్లో ప్రభుత్వ సాయం జాబితాలనూ పంట నష్టం జాబితాలనూ సామాజిక తనిఖీ కోసమంటూ గ్రామ సచివాలయాల గోడలకు అంటించారు. అది మొదటి మెట్టే. గోడ మీది కాగితం చదువురాని మనిషిని పేరు పెట్టి పిలవదు. చదవడం వచ్చినవాడి పేరు లేకపోతే అతను గోడ దగ్గర నిలబడి చూసుకుంటాడు. చదవడం రానివాడి పేరు లేదన్న సంగతి చూసేవారే ఉండరు.

ఈ జిల్లా ఆడవాళ్లు లెక్క అడగడం కొత్తగా నేర్చుకోవాల్సిన పని లేదు. 1990ల మొదట్లో ఇక్కడ సాగిన అక్షరాస్యత ఉద్యమంలో సీతమ్మ కథ పాఠం చదువుకున్న తల్లులే దూబగుంటలో సారా దుకాణం ముందు నిలబడ్డారు. వేలంపాటలు అడ్డుకున్నారు. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అదే ఏడాది అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. చదివిన అక్షరం సర్కారును ప్రశ్నించే దాకా ఎంత వేగంగా పోగలదో దేశానికి చూపించింది ఈ జిల్లానే. ఆ తర్వాత పొదుపు సంఘాల్లో పద్దు చదవడం అలవాటు చేసుకున్నదీ ఈ తల్లులే.

కాబట్టి చేయాల్సింది కొత్త సిద్ధాంతం కాదు. తుఫాను వచ్చాక తొందరలో తనిఖీదారులను వెతికితే మళ్లీ పెద్దల మనుషులే దొరుకుతారు. ప్రశాంతంగా ఉన్న నెలల్లోనే ప్రతి తీర గ్రామం నుంచి మత్స్యకార కుటుంబాల, యానాది కుటుంబాల ఆడవాళ్లను సమానంగా ఎంచుకోవాలి. శిక్షణ ఇచ్చి పక్క ఊరి బాధ్యత అప్పజెప్పాలి. సాయం జాబితాను రేవులో ఒకసారి, సచివాలయం ముందు ఒకసారి, యానాది కాలనీలో ఒకసారి పేరు పేరునా పైకి చదవాలి. ఉన్న పేర్ల గురించి ఒక ప్రశ్న, లేని పేర్ల గురించి ఇంకో ప్రశ్న తప్పనిసరిగా అడగాలి. మొదటి విడత బియ్యం వెంటనే పంచవచ్చు, ఆకలికి తనిఖీ అడ్డు రాకూడదు. ఇల్లు, పడవ, వల, పంట నష్టం సొమ్ము మాత్రం సభ తేల్చాకే ఇవ్వాలి. సభ తేల్చినదాన్ని ఎన్ని రోజుల్లో అమలు చేయాలో అదే సభలో రాయాలి, ఆ గడువు దాటితే అదే సభ మళ్లీ కూర్చోవాలి. అనంతపురంలో కూలీలు నిలబెట్టిన పద్ధతికి ఈ చివరి కీలు కూడా అమరితే, సాయం ఇచ్చేవారి దయ మీద కాక అందుకునేవారి అధికారం మీద నడుస్తుంది. అంత పనితనం చేతిలో ఉన్న రాష్ట్రం దాన్ని ఉపాధి హామీ పనికే పరిమితం చేసి, తుఫాను బాధితుణ్ణి గోడ మీది కాగితానికి వదిలేయడం న్యాయం కాదు.