ఆపదలో అందే చెయ్యి

మాచర్ల వాళ్లకు నీళ్లంటే కృష్ణమ్మ, సాగర్ జలాశయం. ఆ కృష్ణమ్మ చివరికి కలిసే బంగాళాఖాతంలో తీర రక్షక దళం చేసే పనిని ఎంత మెచ్చుకున్నా తక్కువే.

ఆపదలో ఉన్న పడవకు రేడియోలో వీహెచ్‌ఎఫ్ 16వ ఛానల్ ఉంది, ఫోన్‌లో 1554 నంబరు ఉంది. కబురు చెన్నైలోని ఆ దళం సమన్వయ కేంద్రానికి చేరాక అసలు నేర్పు మొదలవుతుంది. నీళ్లలో పడ్డ మనిషి పడ్డచోటే ఉండడు. గాలి ఎటు వీస్తోంది, ప్రవాహం ఎటు లాగుతోంది, ఎన్ని గంటలైంది? అన్నీ లెక్కగట్టి, అతను ఎక్కడ ఉండొచ్చో పటం మీద గుర్తిస్తారు. ఓడలు, విమానాలు ఆ మేరనంతా పొలం దున్నినట్టు సాలు వెంట సాలుగా గాలిస్తాయి. దగ్గర్లో వెళ్తున్న సరుకు ఓడలనూ సాయానికి పిలుస్తారు.

2019 ఆగస్టు 12న విశాఖ దగ్గర కోస్టల్ జాగ్వార్ నౌకలో మంటలు లేచాయి. సిబ్బంది ప్రాణభయంతో సముద్రంలోకి దూకారు. తీర రక్షక దళం వారి రాణి రష్మోణి నౌక హుటాహుటిన చేరుకుంది. 29 మందిలో 28 మందిని నీళ్లలోంచి బయటికి తీశారు, ఒకరు గల్లంతయ్యారు.

ఊరూ పేరూ అడగకుండా ప్రాణాలు కాపాడే కొలువది. పిల్లల చదువుల గురించి ఆలోచించే పలనాటి ఇళ్లల్లో దాని మాట కూడా రావాలి.