హోరేస్ ఇంటికొచ్చిన చుట్టాలు

లండన్ వచ్చిన కొత్తలో నా వీసా మీద ‘డిపెండెంట్’ అని ఉండేది. మా ఊళ్ళో పన్నెండేళ్ళు పిల్లలకు చదువు చెప్పి, నా జీతం నేను తెచ్చుకున్నదాన్ని. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. అందుకేనేమో, 1909 నాటి ఒక ఏకాంకిక చదువుతుంటే నవ్వుతో పాటు ఉక్రోషమూ వచ్చింది. దాని పేరు ‘హౌ ది వోట్ వాజ్ వన్’. ఓటు ఎలా గెలిచారో చెప్పే నాటకం, ఓటు రావడానికి తొమ్మిదేళ్ళ ముందే! రాసినవాళ్ళు సిసిలీ హామిల్టన్, క్రిస్టఫర్ సెయింట్ జాన్. రెండోది మగపేరే కానీ, ఆ పేరు పెట్టుకున్నది ఆడమనిషే.

హామిల్టన్ స్వయంగా నటి. 1908లో లండన్ నటీమణులు ‘యాక్ట్రెసెస్ ఫ్రాంచైజ్ లీగ్’ పెట్టుకున్నారు. ఎలెన్ టెర్రీ అంతటి మహానటి కూడా వాళ్ళతో కలిసింది. అద్దాలు పగలగొట్టాలా, అర్జీలు పెట్టాలా అన్న తగవులో లీగ్ ఎవరి పక్షమూ పట్టలేదు. అందరి సభలకూ నాటకాలు అందించింది. అదే 1909లో హామిల్టన్ రాసిన ‘ఎ పేజెంట్ ఆఫ్ గ్రేట్ విమెన్’లో వీరనారుల వరసలో మన ఝాన్సీ రాణి కూడా లండన్ రంగస్థలం ఎక్కింది.

ఇక మన ఏకాంకిక. ఆడవాళ్ళను మగవాళ్ళు పోషిస్తున్నారు కనుక వాళ్ళకి ఓటు దేనికని ప్రభుత్వం వాదన. ‘సరే, అలాగే పోషించండి’ అంటారు ఆడవాళ్ళు. దేశమంతటా పనులు మానేసి, దగ్గరి మగ చుట్టం ఇంటికి పెట్టే బేడా సర్దుకుని బయలుదేరతారు. బ్రిక్స్‌టన్‌లో ఉండే చిరుగుమాస్తా హోరేస్ కోల్ ఇంటికి, ఇతరుల ఇళ్ళలో పిల్లలకు చదువు చెప్పే అక్క, బట్టలు కుట్టే దుకాణం నడిపే బంధువు, మ్యూజిక్ హాల్లో పాడే మరో బంధువు, అద్దె గదులు నడిపే పిన్ని ఒకరి తర్వాత ఒకరు దిగుతారు. వాళ్ళలో ఒక్కరూ అతని సొమ్ము తిన్నవాళ్ళు కారు. చివరికి హోరేసే ఓటు జెండా పట్టుకుని పార్లమెంటుకు పరుగెడతాడు.

ఈ నాటకంలో ఉపన్యాసం తక్కువ, లెక్క ఎక్కువ. ఎదుటివాడి మాటనే నిజమనుకుని చివరిదాకా నడిపించి, ఆ మాట ఎంత డొల్లో వాడి నట్టింట్లోనే చూపించారు. వేషం కట్టి తమ కూడు తాము సంపాదించుకునే నటీమణులకు ‘పోషణ’ అన్న మాటలోని అబద్ధం ఇంకెవరో చెప్పనక్కర లేదు. అందుకే హాస్యం అతికించినట్టు ఉండదు.

నాకు తృప్తి లేనిది ముగింపు దగ్గర. ఇంతమంది ఆడవాళ్ళు కదిలితే, ఆఖరి ప్రసంగం మాత్రం హోరేస్‌ది. అంతకన్నా బాధ, పనిపిల్ల లిలీ సంగతి. ఆ ఇంట్లో మొట్టమొదట పని వదిలి వెళ్ళింది ఆమే. ఆమె వెళ్ళాకే హోరేస్ భార్య ఎథెల్‌కి వంటింటి బరువు తెలిసింది. కానీ తెర పడేవేళకు లిలీ ఎవరికీ గుర్తుండదు.

చరిత్ర కూడా అదే చేసింది. 1918 చట్టం ముప్ఫై ఏళ్ళు నిండి, తన పేరనో భర్త పేరనో ఇల్లో ఆస్తో ఉన్న స్త్రీలకు ఓటిచ్చింది. ఎథెల్‌కి భర్త ఇంటి పేరు మీద ఓటొచ్చి ఉంటుంది. యజమాని ఇంట్లోనే తలదాచుకునే లిలీ లాంటివాళ్ళు, స్త్రీపురుషులకు సమానంగా ఇరవై ఒకటో ఏట ఓటిచ్చిన 1928 దాకా ఆగాల్సి వచ్చింది. నాటకం గేలి చేసిన ‘పోషణ’ వాదం చట్టంలో పెరటి తలుపు గుండా మళ్ళీ దూరిందన్నమాట.

నేను వచ్చిన మొదటి ఏడాదే, కామన్వెల్త్ దేశపు పౌరురాలిగా, ఇక్కడ ఓటు వేశాను. వీసా మీద డిపెండెంట్‌నే అయినా, ఓటు చీటీ మీద ఆ మాట లేదు. పెట్టెలో చీటీ వేస్తుంటే ఎథెల్ కాదు, చేతిలో మూట పట్టుకుని గుమ్మం దాటిన లిలీయే గుర్తొచ్చింది.