మాస్టారి డాష్‌బోర్డు

"ఇందులో నేను చూడాల్సింది ఏదమ్మాయ్?"

గుంటూరు బ్రాడీపేటలో రెండు గదుల ఆఫీసు. అచ్చులో వారానికోసారి, వెబ్‌సైట్‌లో రోజూ వచ్చే చిన్న స్థానిక పత్రిక. అక్కడ ప్రూఫులు చూసే మాస్టారు తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. పత్రిక వెబ్‌సైట్‌లోకి ఆయన చేత మొదటిసారి లాగిన్ చేయించి పక్కన కూర్చున్నాను. వర్డ్‌ప్రెస్ డాష్‌బోర్డు తెరుచుకుంది. ఎడమ పక్క నల్లటి పట్టీలో పోస్ట్స్, మీడియా, పేజెస్, కామెంట్స్, అప్పియరెన్స్, ప్లగిన్స్, యూజర్స్, టూల్స్, సెట్టింగ్స్, వాటి కింద ఒక్కో ప్లగిన్ తగిలించిన సొంత మెనూ. పైన అప్‌డేట్ చేయమని రెండు పసుపు పెట్టెలు, ఇంకేదో కొనమని ఒకటి. మాస్టారు కళ్లద్దాలు సర్దుకుని పై నుంచి ప్రతి మాటా చదవడం మొదలుపెట్టారు. నలభై ఏళ్లుగా అక్షరం వదలకుండా చదివే మనిషి మరి, ఎదురుగా ఉన్నదాన్ని చదవకుండా ఎలా వదిలేస్తారు? పావుగంట చదివాక నెమ్మదిగా ఆ ప్రశ్న అడిగారు.

ఆ తెర మీద ఆయన చూడాల్సింది ఒక్కటే, దిద్దడానికి వచ్చిన వార్తల జాబితా. దాన్ని చేరాలంటే మూడు చోట్ల నొక్కాలి. మిగిలినదంతా నాలాంటివాళ్ల కోసం ఉన్న సామాను. వంటింట్లోకి భోజనానికి పిలిచి, గ్యాసు పైపులు ఎలా బిగించారో చూపించినట్టుంది నేను చేసిన పని.

పదేళ్లకు పైగా వెబ్‌సైట్లు కట్టి ఇస్తున్నాను. జనం చూసే ముందు పేజీ గురించి అందరూ మాట్లాడతారు: రంగు, ఫాంటు, లోగో ఎంత పెద్దదుండాలి. రోజూ లోపల కూర్చుని పనిచేసే నలుగురైదుగురు చూసే తెర గురించి మాత్రం నన్ను ఎవరూ అడగలేదు. అడిగిన మొదటి మనిషి ఈ మాస్టారే.

ఆ వారం ఆయన కోసం తెర మార్చాను. వర్డ్‌ప్రెస్‌లో ఇది పెద్ద విద్యేం కాదు. మెనూ తయారయ్యే సమయంలో ఒక చిన్న ఫంక్షన్ రాసి, అక్కర్లేని వాటిని ఒక్కొక్కటే తీసేయొచ్చు. 'పోస్ట్స్' అన్న పేరును 'వార్తలు' అని మార్చాను. డాష్‌బోర్డులో ఉండే పెట్టెలన్నీ తీసేసి ఒక్క పెట్టె పెట్టాను: దిద్దడానికి ఎదురుచూస్తున్న వార్తలు, పాతది పైన, కొత్తది కింద. 2016 డిసెంబరులో వచ్చిన 4.7 వెర్షన్ నుంచి సైటు ఏ భాషలో ఉన్నా, లోపలి తెరను ఎవరికి కావలసిన భాషలో వాళ్లు పెట్టుకోవచ్చు. మాస్టారి ప్రొఫైల్‌లో తెలుగు ఎంచాను. మర్నాడు ఆయన ఎవరి సాయం లేకుండా పదకొండు వార్తలు దిద్దారు. నాకు కలిగిన సంతోషం ఏ హోమ్‌పేజీ చూసినా కలగలేదు.

ఆ సంతోషంలోనే ఒక తప్పు చేశాను. ఆఫీసులో మిగతావాళ్లకూ మెనూలు దాచానే గానీ, ఎవరి అధికారాలూ మార్చలేదు. అంతకు ముందు సైటు చూసినవాళ్లు ఆఫీసులో అందరికీ అడ్మిన్ లాగిన్లే ఇచ్చి వెళ్లారు. కనపడకపోతే చాలు, ముట్టుకోరు అనుకున్నాను.

ప్రకటనలు చూసే కుర్రాడికి వాట్సాప్‌లో లింకులు పంపడం రోజువారీ పని. తెలుగు శీర్షికతో తయారైన లింకు కాపీ చేస్తే ఎలా వస్తుందో మీలో చాలామంది చూసే ఉంటారు: శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసి కొండవీటి చాంతాడంత. యూనికోడ్‌ను వెబ్‌లో రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతం మూడు బైట్లు, లింకులో ఒక్కో బైటుకు మూడు అక్షరాలు. అంటే ఒక్క 'క' రాయడానికి తొమ్మిది అక్షరాలు, దానికి గుణింతం పెడితే ఇంకో తొమ్మిది. అలాంటి లింకు పంపితే ప్రకటనలిచ్చేవాళ్లు అదేదో వైరస్ అనుకుని తెరవడం లేదు. ఈ కుర్రాడు యూట్యూబ్‌లో వెతికి, పెర్మాలింక్స్ పేజీలో మార్చుకోవచ్చని తెలుసుకున్నాడు. మెనూలో సెట్టింగ్స్ లేదు. కానీ బ్రౌజర్‌లో పాత అడ్రసు గుర్తుంది. రెండు అక్షరాలు కొట్టగానే అదే వచ్చింది. 'ప్లెయిన్' ఎంచి సేవ్ నొక్కాడు. అంతవరకు ఫేస్‌బుక్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో, గూగుల్‌లో ఉన్న వందల లింకులన్నీ 404 చూపించడం మొదలుపెట్టాయి.

ఆ కుర్రాడి తప్పు ఇందులో ఇసుమంత కూడా లేదు. అతని అవసరం నిజమైంది, వెతుక్కున్న దారీ సరైందే. నేను అతని పని కనుక్కోలేదు. కనుక్కుని ఉంటే అతని తెర మీద పొట్టి లింకు కాపీ చేసుకునే బటన్ ఒకటి మొదటి రోజే ఉండేది. ఇప్పుడుంది.

మెనూ తీసేయడమంటే గుమ్మం మీద బోర్డు తీసేయడమే. తలుపు తెరిచే ఉంటుంది, దారి తెలిసినవాడు లోపలికి వస్తాడు. తాళం పడాలంటే ఆ మనిషి లాగిన్‌కు ఆ అధికారమే ఉండకూడదు. జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు 1975లోనే ఈ సంగతి రాశారు: ఏ ప్రోగ్రామైనా, ఏ మనిషైనా తన పనికి ఎంత అధికారం కావాలో అంతే పెట్టుకుని పనిచేయాలని. యాభై ఏళ్లయింది. అయినా వెబ్ భద్రత లోపాలపై ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన జాబితాలో మొదటి స్థానం దీనిదే, ఎవరు ఏం చేయొచ్చో సరిగా కట్టడి చేయకపోవడం. 2017 జాబితాలో అది అయిదోది.

దాంతో మళ్లీ మొదటి నుంచి కూర్చున్నాను, ఈసారి కంప్యూటరు ముందు కాదు, వార్తలు దిద్దే డెస్క్ దగ్గర. ఎవరేం చేస్తారో రెండు రోజులు చూశాను.

వర్డ్‌ప్రెస్ తనంతట తాను అయిదు రోల్స్ ఇస్తుంది: అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్. మొదట్లో ఇలా ఉండేది కాదు. సున్నా నుంచి పది దాకా లెవెళ్లు ఉండేవి, నిచ్చెన మెట్లలాగా. 2005 చివర్లో 2.0 వెర్షన్‌తో ఆ నిచ్చెన తీసేసి తాళంచెవుల గుత్తులు తెచ్చారు. రాయడానికొక చెవి, ప్రచురించడానికొకటి, ఇతరులు రాసింది దిద్దడానికొకటి, ఫోటో ఎక్కించడానికొకటి. రోల్ అంటే కొన్ని చెవులు కలిపి గుచ్చిన గుత్తి మాత్రమే. ఇది చాలా గొప్ప మార్పని నా అభిప్రాయం. నిచ్చెనలో పైనున్నవాడికి కింద ఉన్నవాడివన్నీ రావలసిందే. గుత్తికి ఆ బలవంతం లేదు.

ఆ అయిదింటిలో కంట్రిబ్యూటర్ అన్న పేరు తెలుగు పత్రికల వాళ్లకు కొత్త కాదు. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక ఊరి వార్తకు గిరాకీ పెరిగింది. మండలంలో ఉండి వార్త పంపే మనిషిని మన దగ్గర కంట్రిబ్యూటర్ అనే అంటారు. ఆయన రాస్తాడు, పంపుతాడు. వేయాలో వద్దో, ఎంత వేయాలో డెస్క్ చూసుకుంటుంది. వర్డ్‌ప్రెస్ కంట్రిబ్యూటర్ కూడా అచ్చం అంతే: రాసి రివ్యూకు పంపగలడు, ప్రచురించలేడు, ఒకసారి ప్రచురించాక తను రాసిందే అయినా ముట్టుకోలేడు. ఎక్కడో అమెరికాలో పెట్టిన పేరు మన మండల విలేకరికి ఇంతగా కుదిరిందని ముచ్చటపడ్డాను.

ఒక్కచోట కుదరలేదు. వర్డ్‌ప్రెస్ కంట్రిబ్యూటర్ ఫోటో ఎక్కించలేడు. మన కంట్రిబ్యూటర్‌కు ఫోటోయే ప్రాణం. కాలువ గట్టు తెగితే నాలుగు వాక్యాలు, రెండు ఫోటోలు. మాటలు డెస్క్ అయినా రాసుకుంటుంది, ఫోటో మాత్రం ఆ గట్టు మీద నిలబడ్డవాడే తీయాలి. ఆ అధికారం లేక వాళ్లంతా ఫోటోలు వాట్సాప్‌లో పంపుతున్నారు, అక్కడ నాణ్యత పోతోంది, ఎవరిది ఏ ఊరి ఫోటోనో కలిసిపోతోంది. ఫోటో చెవి ఒక్కటి ఆ గుత్తికి కలిపాను. ఆయన తెర మీద ఇంకో చిన్న పెట్టె కూడా పెట్టాను, ఈ నెల తనవి ఎన్ని ఐటెమ్‌లు పడ్డాయో చూపించేది. పడినదాన్ని బట్టే ఆయనకు డబ్బులు. ఆ లెక్క కోసం ఆఫీసుకు ఫోన్ చేసి బతిమాలుకునే అవసరం ఇప్పుడు లేదు.

మాస్టారికీ డెస్క్ వాళ్లకీ ఆ అయిదింటిలో ఏదీ సరిపోలేదు. ఎడిటర్ ఇస్తే ఎవరి వార్తయినా తొలగించేంత అధికారం. ఆథర్ ఇస్తే తను రాసిందే తప్ప ఇతరులది దిద్దలేరు. అందుకని సబ్ ఎడిటర్ అని కొత్త రోల్ తయారుచేశాను: ఇతరుల రాతలు దిద్దగలరు, ఫోటోలు ఎక్కించగలరు, ప్రచురించలేరు, ప్రచురించినదాన్ని మార్చలేరు, తొలగించలేరు. ఎంతో పకడ్బందీగా చేశాననుకున్నాను.

మూడు నెలల తర్వాత ఓ రాత్రి పన్నెండు దాటాక ఫోన్. డెస్క్‌లో రాత్రి షిఫ్టు చూసే సబ్ ఎడిటర్.

"మేడమ్, సారీ, ఈ టైములో చేస్తున్నాను. మరణవార్తలో పేరు తప్పు పడింది. తండ్రి పేరు ఉండాల్సిన చోట కొడుకు పేరు పడింది. నాకు ఎడిట్ రావట్లేదు. ఎడిటర్ సారు ఫోను ఎత్తట్లేదు."

అప్పటికి ఆవిడ గంటన్నరగా ప్రయత్నిస్తోంది. నేనూ మొదటి మూడు కాల్స్ ఎత్తలేదు. బతికున్న మనిషి చనిపోయాడని గంటన్నర సేపు మా సైటులో ఉంది, తండ్రిని పోగొట్టుకున్న రోజున. తప్పు కళ్లెదుట కనిపిస్తోంది, దిద్దడం వచ్చు, దిద్దాలని ఉంది, చేయి మాత్రం కట్టేసి ఉంది. కట్టింది నేను. ఆ కుటుంబానికి పత్రిక తరఫున మర్నాడు ఎడిటర్ గారు స్వయంగా వెళ్లి క్షమాపణ చెప్పారు. నేను ఆ రాత్రే ప్రచురించినవి దిద్దే చెవిని సబ్ ఎడిటర్ గుత్తికి కలిపాను.

నిజానికి ఆ తాళం వేయాల్సిన పనే లేదు. 2008లో వచ్చిన 2.6 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ ప్రతి మార్పునూ దాచి ఉంచుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏ మాట మార్చారో చూడొచ్చు, పాతదానికి వెళ్లిపోవచ్చు. వెనక్కి తిప్పుకోగల పనికి అంత పెద్ద తాళమెందుకు? అప్పటి నుంచి ఎవరికి ఏం ఇవ్వాలన్నా ముందు ఆలోచించేది ఇదే: పొరపాటు జరిగితే ఎంతలో దిద్దుకోగలం? వార్తలో పేరైతే నిమిషంలో. కొత్త ప్లగిన్ ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పలేం. వార్త ఉదారంగా ఇస్తాను, ప్లగిన్ ఇవ్వను.

అన్నిటికన్నా కష్టమైంది మాత్రం కోడ్ కాదు. పత్రిక యజమానికి ఎడిటర్ రోల్ ఇద్దామన్నాను. ఆయన మొహం మారిపోయింది. "పత్రిక పెట్టింది నేను, అడ్మిన్ ఇంకొకరా?" అన్నారు. ఆయన వారానికోసారి కూడా లాగిన్ అవరు. అయినా ఆ బాధ నాకు అర్థమైంది. రోల్ అన్న మాటను పాత్ర అని అనువదిస్తారు, కానీ ఆఫీసులో అది వినపడేది హోదా అని. పాత్ర అనుకుంటే ఎవరి వేషం వాళ్లు కడతారు. హోదా అనుకుంటే తక్కువది ఎవరూ తీసుకోరు. రెండు లాగిన్లు చేశాను. రోజువారీకి ఒకటి, ఎడిటర్‌గా. అడ్మిన్ పాస్‌వర్డు కాగితం మీద రాసి, కవర్లో పెట్టి అంటించి, "ఇది మీ బీరువాలో ఉండాలి సార్, ఇంటి దస్తావేజుల పక్కన" అని ఇచ్చాను. దస్తావేజులు రోజూ చేతిలో పట్టుకుని తిరగం కదా. ఆయన దాన్ని తీసుకున్న తీరు చూస్తే, ఆ మాట ముందే అని ఉండాల్సింది అనిపించింది.

కోడ్ రాసేటప్పుడూ ఇదే జాగ్రత్త. 'ఈమె ఎడిటరా?' అని అడిగేలా రాస్తే రేపు కొత్త రోల్ రాగానే అంతా తల్లకిందులు. 'ఈమె ఈ పని చేయగలదా?' అని అడిగేలా రాయాలి. ఆ సబ్ ఎడిటర్ రోల్ చేసినప్పుడు, పాత కోడ్‌లో హోదా పేరు అడిగిన పదిహేను చోట్లు వెతికి మార్చుకోవాల్సి వచ్చింది.

చందాదారుల సంగతి కూడా చెప్పాలి. వర్డ్‌ప్రెస్ సబ్‌స్క్రైబర్ అంటే డబ్బు కట్టినవాడని కాదు, చదవడం తప్ప వేరే అధికారం లేనివాడని. చందా కట్టినవాళ్లకే చూపించే ప్రత్యేక వ్యాసాలను పేజీ మీద దాస్తే సరిపోదు. అదే వ్యాసం ఫీడ్‌లో మొత్తంగా బయటికి పోతుంది, ఏపీఐలో కనిపిస్తుంది, వెతుకులాటలో ముక్కలుగా వస్తుంది. చందాదారు చూసిన పేజీని క్యాషే దాచి పెట్టి, తర్వాత వచ్చిన ఎవరికైనా అదే వడ్డించే ప్రమాదమూ ఉంది. ఇక్కడ కూడా బోర్డు తీసేయడం వేరు, తాళం వేరు. డబ్బు కట్టిన పాఠకుడికి మనం ఇచ్చిన మాట ఆ తాళం మీదే నిలబడుతుంది.

పోయిన వారం మాస్టారు ఫోన్ చేశారు. వార్త దిద్దుతుంటే ఊరి పేరు దగ్గరో, మనిషి ఇంటిపేరు దగ్గరో అనుమానం వస్తుంది. కంట్రిబ్యూటర్‌ను అడగాలి. ఇప్పుడైతే విడిగా ఫోన్ చేసి, ఆయన పొలంలో ఉంటే సాయంత్రం దాకా ఆగుతున్నారు.

"నువ్విచ్చిన మీటల్లో ముందుకు పంపేదే ఉందమ్మాయ్. వెనక్కి పంపేది లేదు. ఏ మాట మీద అనుమానమో రాసి, రాసినాయనకే తిరిగి పంపేలా ఒకటి పెట్టగలవా?"

ఎర్రసిరాతో కాగితం అంచున ప్రశ్నార్థకం పెట్టి ప్రూఫు తిప్పి పంపే అలవాటు ఆయనది. ఆ అంచు నా తెరలో లేదు. వార్తను మళ్లీ డ్రాఫ్ట్‌గా మార్చడం, పక్కన మాస్టారి ప్రశ్న కనిపించడం, కంట్రిబ్యూటర్ ఫోనుకు కబురు వెళ్లడం, ఈ మూడూ కలవాలి. బుధవారం బ్రాడీపేట వెళ్తున్నాను. ముందు ఆయన పాత ప్రూఫులు ఓ కట్ట అడిగి తీసుకుంటాను, ఏ ప్రశ్నలు ఎలా రాస్తారో చూడాలి.