కుండలం అడుగున కలశం

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక జత బంగారు కుండలాలున్నాయి. క్రీ.పూ. ఒకటో శతాబ్దం నాటివి, బహుశా మన ఆంధ్రదేశంలో చేసినవని మ్యూజియం రాసింది. క్రోనోస్ సేకరణ నుంచి 1981లో కానుకగా అక్కడికి చేరాయి. ఒక్కొక్కటి దాదాపు మూడంగుళాల వెడల్పు. అమలాపురం బంగారు కొట్లలో బుట్టకమ్మలూ మాటీలూ చూసి చూసి అలవాటుపడ్డ కంటికి ఇవి నగలుగా కాక, ముందు శిల్పాలుగానే తోస్తాయి.

నడుమ జంట కాడల తీగ. దానికి అటూ ఇటూ పలకలు తీరిన మొగ్గలు. వాటిమీద ఒక ఏనుగు, ఒక రెక్కల సింహం. రెండూ రాచగుర్తులే కనుక ఏ రాజకుటుంబమో చేయించుకుని ఉంటుంది. ఈ జంతువులు అచ్చులో పోసినవి కావు. రేకును వెనకనుంచి ఉబ్బెత్తుగా కొట్టి, సాగగొట్టిన ముక్కలు, తీగ తునకలు, ఆవగింజకన్నా చిన్న పసిడి రవలు ఒక్కొక్కటే అతికి ఏనుగును ఏనుగుగా నిలబెట్టారు.

ఆ రవల దగ్గర కాసేపు ఆగాలి. కమ్మచ్చులో లాగిన సన్న తీగను తునకలు చేసి, బొగ్గుపొడిలో ఎడంగా పాతి కాలిస్తే ప్రతి తునకా కరిగి తనంతట తానే గుండ్రబడుతుంది. బొగ్గుమీద ఊదుగొట్టంతో గుండు తీసే కంసాలికి ఇది తెలిసిన విద్యే. కష్టమంతా అతకడంలో ఉంది. మామూలు టంకం వేస్తే అది రవల సందుల్లోకి పారి గింజలన్నిటినీ ముద్ద చేసేస్తుంది. ప్రాచీన ఇటలీలోని ఎట్రస్కన్ నగల్లో అబ్బురపరిచే ఈ పనికి ఒక దారిని లిటిల్‌డేల్ అనే ఆంగ్లేయుడు 1930లలో తిరిగి కనిపెట్టాడు. రాగి లవణాన్ని జిగురులో కలిపి దానితో రవలను నిలబెడతారు. వేడికి జిగురు బొగ్గవుతుంది, ఆ బొగ్గు రాగిని విడిపిస్తుంది. మేలిమి బంగారం 1064 డిగ్రీల దగ్గర గాని కరగదు. రాగి, బంగారం కలిసిన చోటు మాత్రం సుమారు 900 డిగ్రీలకే కరిగి పట్టుకుంటుంది. ఆ కాస్త తేడాలోనే పనివాడు మెలగాలి. మంట కాస్త ఎక్కువైతే చాలు, తొండం కరిగిపోతుంది.

టంకం లేకుండా లోహాన్ని లోహంతో కలిపే సాహసం జపాన్‌లోనూ ఉంది. అకితాకు చెందిన షోఅమి డెన్‌బెయి (1651–1728) పేరుతో ప్రసిద్ధమైన మొకుమే గానే పద్ధతిలో, కత్తుల అలంకారం కోసం రంగురంగుల లోహపు రేకులను దొంతరగా పేర్చి, వేడితోనూ ఒత్తిడితోనూ ఏకం చేసి, చెక్కి, కలప చారలు తేల్చేవారు. ఇప్పుడు ఆ పద్ధతిలో ఉంగరాలు, చెవికమ్మలు కూడా చేస్తున్నారు. జపాన్ పనివాడు తొలగిస్తూ పోతే అందం బయటపడుతుంది, మన పనివాడు చేరుస్తూ పోతే. నాకు రెండోదే ఎక్కువ గుండెధైర్యం కోరే పని అనిపిస్తుంది. ఆఖరి రవ దగ్గర తప్పు జరిగినా అంతకుముందు చేసిందంతా పోతుంది కదా.

ఇక కుండలాన్ని తిరగేస్తే అడుగున ఒక కలశం, అందులోంచి లేచిన ఆకుల గుత్తులు. భుజంమీద వాలాక పక్కవారి కంటికి అందని వైపది. అక్కడ కూడా చెయ్యి తేలిక కాలేదు. జతలో రెండూ అచ్చుగుద్దినట్టు ఒకేలా లేవన్నది నాకు మరీ నచ్చిన సంగతి. నమూనా ఒకటే అయినా పనివాడు రెండోసారి కూడా కొత్తగానే ఆలోచించాడు.

వీటిని ఎలా పెట్టుకునేవారో జగ్గయ్యపేట స్తూపపు ఫలకం చూపిస్తుంది. అక్కడి చక్రవర్తి ఫలకం మీద మేఘాలనుంచి నాణేలు కురుస్తుంటాయి, రాజు చెవులకు ఇదే తీరు కుండలాలు. మన రాజోలు వైపు ఆదుర్రులోనూ బౌద్ధ స్తూపం ఉంది. అలాంటి కుండలాలు ఈ గోదావరి పాయల ఒడ్డునా తళుక్కుమన్నాయని ఊహించుకోవడం నాకిష్టం.

బరువు సంగతి మాత్రం కోనసీమ ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బుట్టకమ్మ బరువు తమ్మెమీద పడకుండా మాటీ దాన్ని చెవిమీదుగా జుట్టులోకి లాగి పంచుతుంది. చక్రవర్తికి ఆ ఆసరా లేదు. కుండలం దూర్చడానికి తమ్మెనే సాగదీశారు, బరువును భుజానికి అప్పగించారు.