ఏమీ కాలేదు కదా!

"పాత వస్తువులు పారెయ్యకండని వారం వారం రాసేది నువ్వే. చక్కగా నడుస్తున్న వాచీ తీసెయ్యమనేదీ నువ్వేనా అక్కా?" అని మా తమ్ముడు ఫోన్లో నిలదీశాడు. నా మాటలే నాకు అప్పజెప్పినందుకు ఒక పక్క కోపం వచ్చింది, ఇంకో పక్క ముచ్చటా వేసింది. వాడు ఈ కాలమ్ చదువుతాడని నాకు తెలియదు.

వాచీ అంటే ఫిట్‌బిట్ అయోనిక్. డాలస్ నుంచి మా మేనకోడలు కొని పంపింది. పొద్దున నడకలో అడుగులు లెక్కపెడుతుంది, రాత్రి నిద్ర లెక్క రాస్తుంది. స్నానానికి తప్ప వాడి చేతి నుంచి దిగదు. ఆ వాచీలన్నిటినీ కంపెనీ వెనక్కి తీసుకుంటున్నట్టు 2022 మార్చి 2న అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ ప్రకటించింది. లోపలి లిథియం బ్యాటరీ వేడెక్కి చర్మం కాలుతోందట. వెంటనే వాడకం ఆపి వాచీ తిరిగి పంపితే 299 డాలర్లు ఇస్తామన్నారు. మేనకోడలు కంగారుపడి తండ్రికి చెప్పింది. తండ్రి వినలేదు. పంచాయితీ నా దగ్గరికి వచ్చింది.

నిజం చెప్పాలంటే మొదట నా మనసు తమ్ముడి వైపే మొగ్గింది. మేమిద్దరం ఒకే బడిలో చదువుకున్నాం మరి. తెనాలిలో మెట్ల కింద, మనిషి ఒకడు కూర్చోగలిగినంత అద్దాల గూట్లో ఒక వాచీ మెకానిక్ ఉండేవాడు. నాన్నగారి హెచ్ఎంటీ జనతా ఎప్పుడు మొరాయించినా మమ్మల్ని వెంటబెట్టుకుని అక్కడికే వెళ్లేవారు. ఆయన కంటికి భూతద్దం బిగించి, సన్నటి చాకు మొనతో వెనక మూత టక్కున లేపేవాడు. ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా విప్పిన ముక్కల మీద గాజు గిన్నె బోర్లించేవాడు. పళ్లచక్రాలను చిన్న గిన్నెలో పెట్రోలు పోసి కడిగేవాడు. సూది మొనకు అంటుకున్నంత నూనెను ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టేవాడు. అంతా అయ్యాక మమ్మల్ని దగ్గరికి పిలిచి ఆ భూతద్దంలోంచి చూడమనేవాడు. వెంట్రుక లాంటి స్ప్రింగు ఊపిరి తీస్తున్నట్టు ముడుచుకుని విచ్చుకునేది. "మాస్టారూ, స్ప్రింగు అలిసిపోయింది. ఇంకో ఏడాది లాగుతుంది గానీ, కీ మాత్రం మరీ బిగించి ఇవ్వకండి" అని ఒకసారి నాన్నగారితో అన్నాడు. నాన్నగారు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించారు.

వస్తువును ఉంచుకోవాలా వద్దా అని తేల్చుకోవడం నేను నేర్చుకున్నది అక్కడే. మూత తీసి చూస్తాం. ఏది అరిగిందో, ఇంకెంత కాలం పనికొస్తుందో తెలిసిన మనిషి చెబుతాడు. దాన్నిబట్టి వాడకం మార్చుకుంటాం. స్ప్రింగు తెగినా వాచీ ఆగిపోతుంది, అంతే. చెయ్యి కాలదు. బెంగళూరులో 1961లో మొదలైన ఆ హెచ్ఎంటీ వాచీల తయారీ 2016లో మూతపడ్డా, ఇప్పటికీ వాటిని బాగుచేసేవాళ్లు దొరుకుతున్నారంటే కారణం ఆ తెరుచుకునే మూతే.

అయోనిక్ విషయంలో నా మనసు మార్చింది కూడా ఆ మూతే. నీళ్లు చొరకుండా మూసేసిన వాచీ అది. లిథియం బ్యాటరీలో రెండు ధ్రువాల మధ్య అతి పలుచటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ పొర ఎక్కడైనా దెబ్బతిని ధ్రువాలు రెండూ కలిశాయా, వేడి పుడుతుంది. ఆ వేడికి లోపలి రసాయనాలు విచ్ఛిన్నమై మరింత వేడి పుడుతుంది. పొరను తడిపి ఉంచే ద్రవం కూడా మండే స్వభావం ఉన్నదే. ఇదంతా పైకి కనిపించదు. తెనాలి మెకానిక్ బతికి ఉన్నా తన భూతద్దంతో చేయగలిగింది ఏమీ లేదు.

"ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా వేడెక్కలేదే!" అన్నాడు తమ్ముడు. లెక్క చూద్దాం. ప్రపంచమంతా కలిపి అమ్ముడైనవి సుమారు 17 లక్షలు. వేడెక్కిందన్న ఫిర్యాదులు అమెరికాలో 115, మిగతా దేశాల్లో 59. అంటే ఇంచుమించు పదివేల వాచీలకు ఒకటి. తక్కిన 9,999 మందీ మా తమ్ముడి మాటే అంటారు. చెయ్యి కాలిందని చెప్పుకున్నవాళ్లు కూడా ముందురోజు వరకూ ఆ మాటే అని ఉంటారు. వాడి అనుభవం అబద్ధమని కాదు, దాన్నిబట్టి వాచీ మంచిదో కాదో తెలియదని నేననేది.

పదివేలకు ఒకటంటే పెద్ద ప్రమాదమా అని అడగవచ్చు. హెల్మెట్ లేకుండా బండెక్కేవాళ్ల మధ్య బతుకుతున్నాం కదా. ఆ వాదనను నేను కొట్టిపారెయ్యను. అన్నీ తెలిసిన పెద్దమనిషి తన మణికట్టు మీద తాను తీసుకునే నిర్ణయం అది. ఆ నిర్ణయాన్ని మనకు వదలని కంపెనీలూ ఉన్నాయి. 2016లో ఇంటెల్ తన బేసిస్ పీక్ వాచీలు వేడెక్కుతున్నాయని వెనక్కి పిలిచి, ఏడాది చివరికి వాటి సేవలు కూడా ఆపేసింది. ఉంచుకుందామన్నవాళ్ల దగ్గర కూడా అవి సరిగా పనిచేయకుండా పోయాయి. మన వస్తువు మీద అంత అధికారం కంపెనీ చేతిలో ఉండటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

కానీ తమ్ముడు అక్కడితో ఆగలేదు. "పోనీ, ఎవరో ఒకరు అమెరికా వెళ్తుంటారుగా, సూట్‌కేసులో పెట్టి పంపేస్తా" అన్నాడు. మన ఇళ్లలో ఆవకాయ నుంచి ల్యాప్‌టాప్ దాకా ప్రయాణించేది అలాగే. కానీ భద్రతా లోపంతో వెనక్కి పిలిచిన లిథియం బ్యాటరీలను విమానంలో తీసుకెళ్లకూడదు. గెలాక్సీ నోట్ 7 ఫోన్ల గురించి 2016లో విమానాల్లో చేసిన ప్రకటనలు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

"అయితే మా వాచ్‌మన్ కొడుక్కి ఇచ్చేస్తాలే. టెన్త్ పాసైతే వాచీ కావాలన్నాడు" అన్నాడు చివరికి. ఆ మాటకు నా గుండె జారింది. మనకు అక్కర్లేని వస్తువు మన ఇళ్లలో అలాగే చేతులు మారుతుంది. పాత ఫ్రిజ్ పనిమనిషికి, పాత ఫోన్ డ్రైవరుకు. వస్తువు వెళ్తుంది గానీ, దాని గురించిన హెచ్చరిక వెంట వెళ్లదు. కంపెనీ పంపిన ఈమెయిల్ డాలస్‌లో మేనకోడలి దగ్గరే ఉండిపోతుంది. పిల్లవాడు ఒకే గదిలో ఇంటిల్లిపాదీ పడుకునే చోట, దిండు పక్కన ఛార్జింగు పెడతాడు. పదివేలకు ఒకటన్న లెక్క వాడికి ఎవరు చెబుతారు? తెలిసి ఒప్పుకునే అవకాశం వాడికి ఎక్కడుంది? పారెయ్యకండి, ఇంకొకరికి ఇవ్వండి అని ఇన్నేళ్లుగా రాస్తున్న నేనే చెబుతున్నాను: ఇలాంటి వస్తువును ఎవరికీ ఇవ్వకండి. చెత్తబుట్టలోనూ వెయ్యకండి. ఛార్జింగు పెట్టడం మానేసి, కంపెనీ వాళ్లను అడిగి వాళ్లు చెప్పిన పద్ధతిలోనే వదిలించుకోండి.

పిల్లవాడి సంగతి చెప్పాక తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. వాడికి కొత్త వాచీ కొనిపెడతానన్నాడు. తన వాచీని మాత్రం ఇప్పుడున్న ఛార్జింగు అయిపోయేదాకా పెట్టుకుని, తర్వాత ఆపేస్తానన్నాడు. నాలుగు రోజులు వస్తుందట. ఆ నాలుగు రోజులూ వద్దు, ఇప్పుడే తియ్యమన్నాను.