కొండతో కలిపితేనే ఇల్లు

సవరల పాత ఇంట్లోకి ఎంతటివాడైనా తల వంచుకునే వెళ్లాలి. చూరు అంత కిందికి దిగి ఉంటుంది. గుమ్మం దాటాక కాసేపు ఏమీ కనబడదు. కళ్లు చీకటికి అలవాటుపడ్డాక ఒక్కొక్కటే తేలుతాయి. మూలన పొయ్యి, దాని పైన అటక, మసి పట్టి నల్లగా నిగనిగలాడే వెదుళ్లు, వాసాలకు వేలాడే మొక్కజొన్న పొత్తులు. ఉన్నది ఒకటే గది. కిటికీ లేదు.

పార్వతీపురం మన్యం జిల్లా సీతంపేట కొండల్లో సవరలు, జాతాపులు అనే గిరిజనులు తరతరాలుగా ఉంటున్నారు. గిడుగు రామమూర్తి పంతులు ఏళ్ల తరబడి నేర్చుకుని 1931లో ఇంగ్లీషులో వ్యాకరణం వెలువరించింది ఈ సవరల భాషకే. కరెంటు తీగతో, కుళాయి గొట్టంతో పనిలేని బుల్లి ఇల్లు కట్టుకోవాలని ఇప్పుడు పట్నంలో చాలామంది ముచ్చటపడుతున్నారు. అలాంటివాళ్లు ఈ గదిలో కాసేపు కూర్చుంటే ఒక సంగతి తెలుస్తుంది. ఇంత చిన్న ఇంట్లో మనిషి బతకాలంటే ఇంటి బయట చాలా ఉండాలి.

ముందు కట్టుబడి చూద్దాం. రాళ్లు పేర్చి, మట్టి కూరి, అడుగుభాగాన్ని ఎత్తు చేస్తారు. వాలు మీంచి దిగే వాననీరు లోపలికి రాకుండా అదే కాపు. గోడలకు ఎర్రమన్ను. మందపాటి మట్టిగోడ పగటి ఎండని వెంటనే లోపలికి పోనివ్వదు. పీల్చుకున్న వేడిని రాత్రికి మెల్లగా వదులుతుంది. కొండచలిలో ఆ గోడే దుప్పటి. దానికి ఉన్న ఒకే శత్రువు వానజల్లు. చూరుని అంత కిందికి దించింది అందుకే. మనం తల వంచేది గోడ కోసం.

కప్పుకి వెదురు వాసాలు, అడ్డతీగ నారతో కట్లు, పైన కొండగడ్డి. మేకుతో పనిలేదు. పొయ్యి పొగ ఆ గడ్డిలోంచే బయటికి పోతుంది. పోతూ పోతూ గడ్డిని ఆరబెడుతుంది, వెదురుకి పురుగు పట్టనివ్వదు, అటక మీది చోళ్లకి కాపలా కాస్తుంది. విత్తనాలు ఎండిన ఆనప బుర్రల్లో బూడిద కలుపుకుని ఆ పొగలోనే భద్రంగా ఉంటాయి. పొయ్యి వెలగని గడ్డిల్లు తొందరగా చివికిపోతుంది.

ఇంటిల్లిపాది గ్రాసానికి ఈ కాస్త అటక ఎలా సరిపోతుంది? జవాబు కొండపోడులో ఉంది. చోడి, సామ, కొర్ర, కంది ఒకే చెక్కలో కలిపి చల్లుతారు. అన్నీ ఒక్కసారే పండవు. ఒకటి కోసి తినేలోగా ఇంకొకటి కోతకొస్తుంది. కందులు చివర్న వస్తాయి. కందికొత్తల పండగ చేసి పెద్దలకు పెట్టాకే వాటిని నోట్లో వేసుకుంటారు. గింజలు అడుగంటే రోజులకు దుంపలు, పనసలు, చింతపండు ఉన్నాయి. ఏమీ లేనప్పుడు మామిడి టెంకల్ని రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, చేదు పోగొట్టి, అంబలి కాచుకున్న కాలమూ ఉంది. ఆ ఇంటికి కొండే రెండో అటక.

నీళ్లూ అంతే. గెడ్డో, ఊటో పైన ఉంటుంది. ఊట దగ్గర తొట్టి కట్టి గొట్టం వేస్తే మోటారు లేకుండానే నీళ్లు పల్లానికి నడిచొస్తాయి. మన్యంలో చాలా ఊళ్లు ఈ పద్ధతి మీదే తాగుతున్నాయి. పైన అడవి పలచబడితే మాత్రం కింద గొట్టం ఉన్నా ప్రయోజనం లేదు.

ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని, ఎదురెదురు వరసలుగా ఉంటాయి. గది వంటకీ పడకకీ. దంపుళ్లు, కొండచీపుర్లు కట్టడం, చింతపండు గింజ తీయడం, కబుర్లు, తగువులు, అన్నీ అరుగు మీదే. గడ్డి కోసి, మోసి, కప్పు నేయడం ఒక్క కుటుంబం వల్ల కాదు. పదిమంది వస్తారు. వాళ్లకి తిండి, జీలుగు కల్లు పెట్టాలి. రేపు వాళ్ల కప్పుకి మనం వెళ్లాలి.

ఆ ఒక్క గదిలో చనిపోయినవాళ్లకూ చోటుంది. ఎర్రమన్ను అలికిన గోడ మీద, కొస నలిపిన వెదురుపుల్లతో, బియ్యప్పిండి నీళ్లతో ఒక చట్రం గీస్తారు. అందులో మనుషులు, చెట్లు, జంతువులు. పెద్దలు, దేవతలు వచ్చి ఉండటానికి గీసిన ఇల్లది. సవరల మతం గురించి 1955లో పెద్ద పుస్తకం రాసిన వెరియర్ ఎల్విన్ ఈ బొమ్మల్ని వివరంగా నమోదు చేశాడు.

చిన్న ఇల్లు అనగానే అందరూ అమెరికా రచయిత థోరోని తలుస్తారు. 1845లో వాల్డెన్ చెరువు పక్కన 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవున్న గది కట్టుకుని, రెండేళ్ల రెండు నెలలు ఉండి వెళ్లిపోయాడు. ఒక్కడి ఇల్లు ఒక్కడితో ముగిసింది. సవర వరసలో ఇల్లు కూలినా పక్కవాళ్లు వచ్చి మళ్లీ నిలబెడతారు.

అలాగని దీన్ని స్వర్గం చేయనక్కర్లేదు. వెదుర్ని కాపాడే పొగే ఆడవాళ్ల కళ్లనీ ఊపిరితిత్తుల్నీ తింటుంది. ఒక్క నిప్పురవ్వ పడితే వరస మొత్తం బుగ్గి. శ్లాబు ఇల్లు కావాలని అడిగే సవర కుర్రాడిని తప్పుపట్టే హక్కు మనకి లేదు. కొండసవరల వంటి తెగల కోసం 2023 నవంబరు 15న మొదలైన పీఎం జన్‌మన్ పథకంలో పక్కా ఇళ్లూ ఉన్నాయి. కేంద్ర గ్రామీణ గృహ పథకం లెక్కన ఇంటికి కనీసం 25 చదరపు మీటర్లు ఉండాలి. కొలతకి అది చాలు. కానీ ఆ కొలతలో అరుగు, అటక, పొగగూడు, లోతైన చూరు ఉన్నాయా అన్నది చూడాలి. లేకపోతే ఏమవుతుందో మన్యంలో తిరిగినవాళ్లకు తెలుసు. శ్లాబు ఇంటి పక్కనే గడ్డిపాక లేస్తుంది. పొయ్యి, చోళ్లు, ఆనప బుర్రలు అందులోకి చేరతాయి.